ఫారంలో ప్రశ్న మార్చినా పాత లెక్క చెడకుండా: సమగ్ర మార్గదర్శి

ఆన్‌లైన్ ఫారంలో ఒక ప్రశ్న మార్చడం అర నిమిషం పని. అందుకే దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. షీట్‌లో పాత వరసలన్నీ ఉన్నాయా, ఉన్నాయి, ఇంకేం టెన్షన్ అనుకుంటారు. నిజానికి డేటా డిలీట్ అయితే ఎవరో ఒకరు వెంటనే గమనిస్తారు. అంకెలు ఉన్నచోటే ఉండి, వాటి మీద ఉన్న ప్రశ్న మారిపోతే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. ఏడాది తర్వాత రిపోర్టులో తప్పు లెక్క వచ్చినప్పుడు గానీ విషయం బయటపడదు. అప్పటికి ఏ తేదీన ఏం మార్చారో గుర్తున్నవాళ్లు ఉండరు.

ఉదాహరణకి గోదావరి డెల్టాలో ఒక రైతు సంఘం ఫారం అనుకుందాం. సార్వాకు (ఖరీఫ్) ఒకసారి, దాళ్వాకు (రబీ) ఒకసారి సభ్యుల నుంచి వివరాలు తీసుకుంటారు. రైతు పేరు, ఊరు, జిల్లా, ఎకరాలు, వరి రకం, దిగుబడి ఎన్ని బస్తాలు, ఫోన్ నంబరు. ఎక్కువమంది వాడేది గూగుల్ ఫారం కాబట్టి దాంతోనే చెబుతాను. కోబోటూల్‌బాక్స్ (కోబో) అనే ఇంకో ఫారం సాధనం వాడేవాళ్లకు చివర్లో వేరే భాగం ఉంది.

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి

ఏ మార్పు చేయబోయినా, ఒక పాత జవాబు తీసి దాన్ని కొత్త ప్రశ్న కింద పెట్టి చదవండి. అది ఇప్పటికీ నిజమేనా? నిజమైతే ఉన్న ప్రశ్ననే మార్చవచ్చు. కాకపోతే ఆ ప్రశ్నను అలాగే వదిలి, కొత్త ప్రశ్న చేర్చాలి. ఈ మార్గదర్శిలో మిగతాదంతా ఈ ఒక్క నియమాన్ని ఎలా అమలు చేయాలన్నదే.

రైతు భరోసా కేంద్రాలకు 2024లో రైతు సేవా కేంద్రాలని పేరు మారింది. కేంద్రం అదే, పని అదే. "మీ దగ్గరలోని రైతు భరోసా కేంద్రం ఏది?" అన్న ప్రశ్నలో పేరు మార్చేస్తే పాత జవాబులకు ఏ నష్టమూ లేదు. ఇలాంటిది ధైర్యంగా మార్చండి. దిగుబడి బస్తాల్లో అడిగే ప్రశ్నను క్వింటాళ్లకు మార్చడం అలాంటిది కాదు. దాని సంగతి కాసేపట్లో.

డేటా ఎన్ని చోట్ల ఉంటుంది

గూగుల్ ఫారం జవాబులు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి ఫారం లోపలి నిల్వ, "రెస్పాన్సెస్" ట్యాబ్‌లో కనిపించేది. రెండోది మీరు లింక్ చేసిన షీట్. షీట్‌లో మీరు ఏదైనా దిద్దితే ఫారంలో ఏమీ మారదు. ఫారంలో జవాబులన్నీ డిలీట్ చేసినా షీట్‌లోకి వచ్చిన వరసలు పోవు.

ప్రశ్న మార్చినప్పుడు మాత్రం మూడు సందర్భాలు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే.

ప్రశ్న శీర్షిక మారిస్తే షీట్‌లో ఆ కాలమ్ హెడింగ్ కూడా మారిపోతుంది. అంటే కొత్త మాట పాత వరసలన్నిటికీ వర్తించేస్తుంది.

ఆప్షన్ మాట మారిస్తే సరిగ్గా దీనికి ఉల్టా. పాత వరసల్లో పాత మాటే ఉంటుంది, కొత్త వరసల్లో కొత్త మాట వస్తుంది. రెస్పాన్సెస్ చార్టులో అవి రెండు వేర్వేరు ముక్కలుగా కనిపిస్తాయి.

ప్రశ్నను డిలీట్ చేస్తే షీట్‌లో పాత కాలమ్ అలాగే ఉంటుంది గానీ ఫారం సారాంశంలోంచి దాని చార్టు పోతుంది. తర్వాత అదే పేరుతో మళ్లీ ప్రశ్న పెట్టినా పాత కాలమ్‌కు అతుక్కోదు, కొత్త కాలమ్ పుడుతుంది. అప్పుడు ఒకే హెడింగ్‌తో రెండు కాలమ్‌లు ఉంటాయి. ఎఫ్ కాలమ్‌లో సగం జవాబులు, కే కాలమ్‌లో సగం. కూడికలో ఏదో ఒకటి మర్చిపోవడం ఖాయం.

ప్రశ్నల వరస మార్చడం వల్ల మాత్రం భయం లేదు. ఫారంలో పైకి కిందికి జరిపినా షీట్‌లో కాలమ్‌లు కదలవు.

ముట్టుకోకముందు చేయాల్సినవి

సమయం చూసుకోండి. సార్వా కోతలు, దాళ్వా నాట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చే డిసెంబరు, జనవరి నెలల్లో ఫారం మార్చవద్దు. సగంమంది పాత ప్రశ్నకు, సగంమంది కొత్త ప్రశ్నకు జవాబిస్తే ఒకే సీజన్ రెండు ముక్కలవుతుంది. దాళ్వా కోతలై, కాలువల్లో నీళ్లు ఆపేశాక వచ్చే వేసవి దీనికి అనువైన కాలం. సీజన్ మధ్యలో మార్చక తప్పకపోతే ఒక రాత్రి చూసుకుని, ముందు "యాక్సెప్టింగ్ రెస్పాన్సెస్" ఆపేసి మొదలుపెట్టండి. లింకు తెరిచినవాళ్లకు కనిపించే సందేశంలో "రేపు ఉదయం నుంచి మళ్లీ నింపవచ్చు" అని రాయండి.

తర్వాత కాపీలు. షీట్‌లో ఫైల్ మెనూకి వెళ్లి, వెర్షన్ హిస్టరీలో ఇప్పటి రూపానికి ఒక పేరు పెట్టండి. "దిగుబడి ప్రశ్న మార్చకముందు, మే 2025" లాగా. పేరు పెట్టని వెర్షన్ల మధ్య కావలసినది వెతకడం నరకం. దీంతోపాటు షీట్‌ను వేరే ఫైలుగా కాపీ చేయండి. రెస్పాన్సెస్ ట్యాబ్‌లో మూడు చుక్కల మెనూ నుంచి సీఎస్‌వీ (జవాబులన్నీ సాదా అక్షరాల పట్టికగా ఉండే ఫైలు) కూడా దింపుకోండి.

ఫారంను కూడా కాపీ చేయాలి. "మేక్ ఎ కాపీ" నొక్కితే ప్రశ్నలు మాత్రమే కాపీ అవుతాయి, జవాబులు రావు. మనకు కావలసింది కూడా అదే. పాత ప్రశ్నలు అక్షరం పొల్లుపోకుండా, ఆప్షన్లతో, కింద రాసిన వివరణతో సహా ఒకచోట ఉండాలి. షీట్‌కు ఉన్నలాంటి వెర్షన్ హిస్టరీ ఫారంకు లేదు. అందుకే జవాబుల బ్యాకప్ కన్నా ప్రశ్నల బ్యాకప్ ముఖ్యమని నేనంటాను. జవాబులు ఎలాగోలా దొరుకుతాయి, పోయిన ప్రశ్న దొరకదు. ఫారంను పీడీఎఫ్‌గా ప్రింట్ చేసి పెట్టుకుంటే మరీ మంచిది.

సీఎస్‌వీ గురించి ఒక జాగ్రత్త. దాన్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. ఫైలు చెడిపోలేదు. డేటా మెనూలో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" ద్వారా తెరిచి, 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. ఇంకో తలనొప్పి ఉంది. సర్వే నంబరు 12/3 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. సున్నాతో మొదలయ్యే నంబర్లలో ఆ సున్నా ఎగిరిపోతుంది. తెరిచేటప్పుడే ఆ కాలమ్‌లను "టెక్స్ట్"గా పెట్టండి. మూల సీఎస్‌వీని మాత్రం తెరిచి సేవ్ చేయకండి, దాన్ని అలా పక్కన పెట్టేయండి.

చివరిగా, షీట్‌లో "మార్పుల చిట్టా" అని ఒక ట్యాబ్ పెట్టండి. తేదీ, ఏ ప్రశ్న, పాత మాట, కొత్త మాట, ఎందుకు, ఎవరు. ప్రతి వరసకూ టైమ్‌స్టాంప్ (జవాబు వచ్చిన తేదీ, సమయం) ఎలాగూ ఉంటుంది కాబట్టి, చిట్టాలో తేదీ ఉంటే ఏ రైతు ఏ రూపంలో ఉన్న ప్రశ్నకు జవాబిచ్చాడో ఎప్పుడైనా తేల్చుకోవచ్చు.

బస్తాల నుంచి క్వింటాళ్లకు

ఇది డెల్టాలో ప్రతి ఫారంకూ ఏదో ఒక రోజు వచ్చే సమస్య. రైతు బస్తాల్లో చెబుతాడు, బ్యాంకు, ప్రభుత్వం క్వింటాళ్లలో అడుగుతాయి. దాంతో ఎవరో ఒకరు "ఎకరానికి దిగుబడి, బస్తాల్లో" అన్న శీర్షికను "ఎకరానికి దిగుబడి, క్వింటాళ్లలో" అని మార్చేస్తారు.

ఒక రైతు దాళ్వాలో 45 అని రాశాడనుకోండి. ఊళ్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అంటే 3,375 కిలోలు, క్వింటాళ్లలో 33.75. హెడింగ్ మారగానే అదే 45 ఇప్పుడు 45 క్వింటాళ్లు, అంటే 60 బస్తాలు. చేలో దిగినవాడికి ఆ అంకె చూస్తే అనుమానం రావచ్చు. ఆఫీసులో సగటు వేసేవాడికి మాత్రం తేడా తెలియదు. పైగా మార్పు తర్వాత వచ్చిన జవాబులు నిజంగా క్వింటాళ్లలోనే ఉంటాయి కాబట్టి, గ్రాఫ్ గీస్తే దిగుబడి ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఏడు తుపాను వచ్చి ఉంటే అందరూ కారణం దొరికిందనుకుంటారు కూడా.

చేయవలసిన పద్ధతి ఇది. పాత ప్రశ్న శీర్షికను "ఎకరానికి దిగుబడి, 75 కిలోల బస్తాల్లో, 2025 దాళ్వా వరకు" అని స్పష్టం చేయండి. ఈ మార్పు అర్థాన్ని మార్చదు, ఉన్న అర్థాన్ని గట్టి చేస్తుంది, కాబట్టి పెట్టిన నియమానికి లోబడే ఉంది. అయితే అప్పట్లో అందరూ 75 కిలోల బస్తానే దృష్టిలో పెట్టుకున్నారని మీకు ఖాయంగా తెలిస్తేనే ఆ అంకె రాయండి. కొనుగోలు కేంద్రంలో సంచుల తూకం వేరుగా ఉంటుంది. కొంతమంది ఆ సంచులు లెక్కపెట్టి రాసి ఉండవచ్చు. అనుమానం ఉంటే "బస్తాల్లో" దగ్గరే ఆగిపోయి, ఆ సంగతి చిట్టాలో రాయండి.

తర్వాత "ఎకరానికి దిగుబడి, క్వింటాళ్లలో" అని కొత్త ప్రశ్న చేర్చండి. షీట్‌లో దానికి కొత్త కాలమ్ వస్తుంది. పాత ప్రశ్నను నింపేవాళ్లకు కనిపించకుండా దాచే పద్ధతి కింద చెబుతాను. ఇప్పుడు వేరే ట్యాబ్‌లో ఒక లెక్క కాలమ్ తయారుచేయండి. కొత్త కాలమ్‌లో అంకె ఉంటే అదే తీసుకోవాలి, లేకపోతే పాత కాలమ్ అంకెను 0.75తో గుణించాలి, రెండూ ఖాళీ అయితే ఖాళీగా వదలాలి. ఒక ఇఫ్ ఫార్ములాతో అయిపోతుంది. రిపోర్టులన్నీ ఈ ట్యాబ్ నుంచే తీయండి.

లెక్కలు వేరే ట్యాబ్‌లోనే ఎందుకంటే, ఫారం జవాబు వచ్చినప్పుడల్లా షీట్‌లో కొత్త వరస చొప్పిస్తుంది. పక్క కాలమ్‌లో మీరు రాసిన ఫార్ములా ఆ వరసలోకి దానంతట అది దిగదు. జవాబుల ట్యాబ్‌ను ముట్టుకోకుండా ఉంచడమే మేలు. దాని మీద ప్రొటెక్షన్ పెట్టేస్తే ఇంకా నిశ్చింత.

జిల్లా: పేరు అదే, ఊళ్లు వేరు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. డెల్టాలో ఫారం నడుపుతున్నవాళ్లకు అప్పుడు వచ్చిన చిక్కు ఇప్పటికీ తీరలేదు. అమలాపురం, రాజోలు తూర్పు గోదావరి నుంచి కోనసీమకు వెళ్లాయి. కాకినాడ వేరే జిల్లా అయింది. ఏలూరు పశ్చిమ గోదావరి నుంచి విడిపోయింది, పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరం అయింది. కొవ్వూరు, నిడదవోలు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చాయి.

ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది "తూర్పు గోదావరి" అన్న ఆప్షన్. దాన్ని ఎవరూ మార్చలేదు, మార్చే అవసరం కూడా కనిపించలేదు. కానీ 2021లో ఆ మాట ఎంచుకున్న రైతు అమలాపురం వాడు కావచ్చు, 2023లో ఎంచుకున్నవాడు కొవ్వూరు వాడు కావచ్చు. రెండేళ్లనూ పోల్చి "తూర్పు గోదావరిలో సభ్యులు తగ్గారు" అంటే ఆ వాక్యానికి అర్థమే లేదు. ఫారం మారకపోయినా లోకం మారితే డేటా చెడుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కోనసీమ సంగతి వేరు. అది అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అయింది. ఇది పేరు మార్పు మాత్రమే. కానీ ఆప్షన్ల విషయంలో పేరు మార్చినా పాత వరసలు మారవని పైన చెప్పుకున్నాం. కాబట్టి షీట్‌లో రెండు పేర్లూ ఉంటాయి, చార్టులో రెండు జిల్లాలు కనిపిస్తాయి.

రెండిటికీ మందు ఒకటే. జిల్లాను అడగడం మానేసి ఊరు, మండలం అడగండి. షీట్‌లో "ఊళ్ల పట్టిక" అని ఒక ట్యాబ్ పెట్టి, ప్రతి ఊరికీ ఎదురుగా రెండు కాలమ్‌లు రాయండి: 2022 ఏప్రిల్ 4కు ముందు జిల్లా, తర్వాత జిల్లా. రిపోర్టుకు ఏది కావాలంటే అది వీలుక్అప్ అనే (పట్టికలో వెతికి ఎదురుగా ఉన్నది తెచ్చే) ఫార్ములాతో తెచ్చుకోవచ్చు. రేపు హద్దులు మళ్లీ మారితే పట్టికకు ఇంకో కాలమ్ చేరుతుంది, అంతే. ఫారం జోలికి వెళ్లనక్కర్లేదు. ఊరి పేర్లు రెండు మండలాల్లో ఒకేలా ఉంటే ఊరు, మండలం కలిపి వెతకండి.

పాత వరసల్లో ఊరు అడగకుండా జిల్లా ఒక్కటే అడిగి ఉంటే? ఫోన్ నంబరు ఆధారంగా సభ్యత్వ రిజిస్టరులో చూసి ఊరు రాబట్టవచ్చు. దొరకనివాటిని "తెలియదు" అని వదిలేయండి. టైమ్‌స్టాంప్ 2022 ఏప్రిల్‌కు ముందైతే, ఆ వరసలోని "తూర్పు గోదావరి" అంటే ఉమ్మడి తూర్పు గోదావరి అని మాత్రం ఖాయంగా చెప్పవచ్చు.

వరి రకాలదీ ఇలాంటి కథే గానీ చిన్నది. మార్టేరు పరిశోధన కేంద్రం రకాలకు నంబరు ఒకటి, వాడుక పేరు ఒకటి ఉంటాయి. ఒకడు స్వర్ణ అంటాడు, ఒకడు 7029 అంటాడు, ఇంకొకడు ఎంటీయూ 7029 అని పూర్తిగా రాస్తాడు. ఇవన్నీ ఒకటే. ఆప్షన్‌ను "స్వర్ణ, ఎంటీయూ 7029" అని ఇక మార్చని రూపంలో పెట్టి, పాత రూపాలన్నిటినీ ఒక జతల పట్టికలో దానికి కలపండి. పాత వరసల్లో "ఫైండ్ అండ్ రీప్లేస్" మాత్రం చేయవద్దు. ఒకసారి మార్చేస్తే రైతు అసలేం రాశాడో తెలియదు.

రైతు పేరు అంటే ఎవరి పేరు

డెల్టాలో కౌలు సాగు చాలా ఎక్కువ. "రైతు పేరు" అన్న గడిలో కొందరు భూమి ఎవరి పేరున ఉందో వాళ్ల పేరు రాస్తారు, కొందరు దున్నేవాళ్ల పేరు రాస్తారు. కౌలు రైతుకు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కుల పత్రం) వివరాలు కావలసి వచ్చినప్పుడు సంఘం దీన్ని రెండు ప్రశ్నలుగా విడదీయాలనుకుంటుంది: భూ యజమాని పేరు, సాగుదారు పేరు.

మంచి ఆలోచనే. కానీ పాత శీర్షికను "సాగుదారు పేరు" అని మార్చి, యజమాని పేరుకు కొత్త ప్రశ్న పెట్టడం తప్పు. అలా చేస్తే ఎందరో యజమానులు కాగితం మీద సాగుదారులైపోతారు. మూడు కాలమ్‌లు ఉండాలి. పాత "రైతు పేరు" పాతగానే ఉంటుంది, కొత్తవి రెండూ పాత వరసల్లో ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలను ఊహతో నింపవద్దు. లెక్కల ట్యాబ్‌లో "అడగలేదు" అన్నదానికీ "అడిగాం, చెప్పలేదు" అన్నదానికీ వేర్వేరు గుర్తులు పెట్టండి. చిట్టాలోని తేదీ ఉంటే ఇది సులువు.

ప్రశ్నను తీసేయాలంటే

వీలైతే తీయకండి, దాచండి. గూగుల్ ఫారంలో దాచే బటన్ లేదు గానీ చిన్న ఉపాయం ఉంది. ఫారం చివర ఒక కొత్త సెక్షన్ పెట్టి, వాడకంలో లేని ప్రశ్నలన్నీ అందులోకి జరపండి. దానికి ముందున్న సెక్షన్ చివర "సబ్మిట్ ఫారం" ఎంచుకోండి. నింపేవాళ్లకు ఆ సెక్షన్ కనిపించదు, సారాంశంలో పాత చార్టులు మాత్రం ఉంటాయి.

ఆధార్ నంబరు లాంటివాటికి ఈ పద్ధతి పనికిరాదు. అవసరం లేకుండా సేకరించిన వ్యక్తిగత వివరాలను నిజంగానే తుడిచేయాలి. ప్రశ్న డిలీట్ చేస్తే పోయిందనుకుంటారు, షీట్‌లో ఆ కాలమ్ అలాగే కూర్చుని ఉంటుంది. షీట్‌లోనూ, దింపుకున్న సీఎస్‌వీల్లోనూ, పంచుకున్న కాపీల్లోనూ, వెర్షన్ హిస్టరీలోనూ చూసుకోండి. పాత లెక్క కాపాడుకోవడం వేరు, ఊరందరి ఆధార్ నంబర్లు ల్యాప్‌టాప్‌లో దాచుకోవడం వేరు.

ఇంకొక్కటి. "జవాబు ఇచ్చాక మార్చుకోవచ్చు" అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, పాత రైతు తన పాత లింకు తెరిచి కొత్త ఫారంలో దిద్దగలడు. అతని పాత జవాబు మీద కొత్తది వచ్చేస్తుంది. సీజన్ ముగియగానే దీన్ని ఆపేయండి.

కోబో వాడేవాళ్లకు

కోబోటూల్‌బాక్స్‌లో ప్రతి ప్రశ్నకూ రెండు పేర్లుంటాయి: కనిపించే లేబుల్, లోపలి డేటా కాలమ్ పేరు. జవాబులు అతికేది లోపలి పేరుకు. లేబుల్‌లో తెలుగు ఎన్నిసార్లు దిద్దినా పాత జవాబులు అక్కడే ఉంటాయి. లోపలి పేరు మారిస్తే మాత్రం అది కొత్త ప్రశ్న కిందే లెక్క. ఆప్షన్లకూ ఇలాగే లోపలి కోడ్ ఉంటుంది. ఒక ఆప్షన్‌ను తీసేస్తే పాత వరసల్లో లేబుల్ బదులు ఆ కోడే కనిపిస్తుంది. ఫారంను మళ్లీ డిప్లాయ్ చేసిన (వాడకానికి విడుదల చేసిన) ప్రతిసారీ కొత్త వెర్షన్ పుడుతుంది. డేటా దింపేటప్పుడు అన్ని వెర్షన్ల ప్రశ్నలూ కలపమనే ఎంపిక పెట్టకపోతే పాత కాలమ్‌లు రావు. వాటిని చూడక డేటా పోయిందని గాభరాపడేవాళ్లు చాలామంది.

లంక గ్రామాల్లో సిగ్నల్ లేక ఫోన్‌లోనే నిలిచిపోయిన ఫారాలు మార్పు తర్వాత పాత వెర్షన్‌తోనే వస్తాయి. మార్చేముందు అందరూ పెండింగ్ ఫారాలు పంపేలా చూడండి, మార్చాక అందరి ఫోన్లలోనూ కొత్త వెర్షన్ దింపించండి.

మళ్లీ తెరిచేముందు

పేరు గడిలో "టెస్ట్" అని రాసి ఫారంను మీరే ఒకసారి నింపండి. షీట్‌లో జవాబు ఏ కాలమ్‌లో పడిందో చూడండి. పాత వరసల సంఖ్య, పాత ఎకరాల మొత్తం, పాత బస్తాల మొత్తం కాపీ షీట్‌తో సరిపోవాలి. క్వెరీలు, పివట్ పట్టికలు, ఫారంకు తగిలించిన స్క్రిప్టులు హెడింగ్ పేరుతో నడుస్తుంటే అవి శీర్షిక మారగానే ఆగిపోతాయి. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడాల్సిందే. టెస్ట్ వరసను తర్వాత ఫారంలోనూ షీట్‌లోనూ తీసేయండి.

సగానికి పైగా ప్రశ్నలు మారుతుంటే ఇంత కష్టపడకండి. పాత ఫారంను మూసేసి, కొత్త ఫారం పెట్టి, రెండు షీట్లనూ ఇంపోర్ట్‌రేంజ్ అనే (ఒక షీట్ డేటాను ఇంకో షీట్‌లోకి తెచ్చే) ఫార్ములాతో ఒకచోట కలపండి. కానీ కొత్త ఫారంకు కొత్త లింకు వస్తుంది. సొసైటీ గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ పాత ఫారంకే తీసుకెళ్తుంది. కాబట్టి పాత ఫారం మూసేటప్పుడు కనిపించే సందేశంలో కొత్త లింకు రాసి, గోడ మీది కాగితం మార్చాక సభ్యుల వాట్సాప్ గ్రూపులో చెప్పండి.